పోయిన ఆదివారం కూర

మొగుడు డాక్టరు దగ్గరినుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా సోఫాలో కూలబడ్డాడంటే ఒంట్లో ఏదో తేడా అయినా ఉండాలి, బుర్రలో ఏదో పథకం అయినా పుట్టి ఉండాలి. ఆ సాయంత్రం బార్‌కోడ్ గారికి రెండూ ఉన్నాయి.

బార్‌కోడ్ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. ఆయన ఒక పెద్ద గోడౌన్‌లో స్టోర్స్ చూస్తాడు. కదలకుండా ఉన్న ప్రతి వస్తువుకీ స్టిక్కరు పడాలన్నది ఆయన సిద్ధాంతం. మధ్యాహ్నం కునుకు తీస్తున్న సెక్యూరిటీ మనిషి భుజానికి కూడా అంటించాడని గోడౌన్‌లో చెప్పుకుంటారు గాని, అది అభాండం. అంటించబోయే లోపల అతను లేచి సెల్యూట్ కొట్టాడు.

భార్యకీ ఒక బిరుదుంది. డ్రైవింగ్ స్కూల్లో టీచరు కాబట్టి శిష్యులంతా ఆవిడని హాఫ్ క్లచ్ మేడమ్ అంటారు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా వణికే చేతుల పక్కన కూర్చుని బతుకుతున్న మనిషి. పక్కవాడు కారుని నేరుగా గోడ మీదికి తోలుతున్నా "కొంచెం కుడికి నాయనా, ఆ గోడ మనది కాదు" అంటుందే తప్ప గొంతు పెంచదు. సంసారానికి ఇంతకన్నా మంచి శిక్షణ లేదు.

"ఏమన్నారు డాక్టరు?" అంది మేడమ్, బ్యాగు బల్ల మీద పెడుతూ.

"షుగరు గుమ్మం దాకా వచ్చిందట. ఇంకా లోపలికి రాలేదట."

"వచ్చినా కూర్చోబెట్టడానికి చోటేదీ? సోఫా అంతా మీరే ఉన్నారు. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టిందా?"

బార్‌కోడ్ గారు తల అడ్డంగా ఊపాడు. అసలు బాధ అదీ. కంపెనీ ఊరి చివర కొత్త గోడౌన్ కడుతోంది. దానికి ఇన్‌ఛార్జిగా ఈయన పేరే అనుకున్నారు. ఎన్నేళ్ళుగానో ఎదురుచూస్తున్న కుర్చీ. కాకపోతే ఒంట్లో బాగానే ఉందని డాక్టరు రాసివ్వాలి. ఆవిడేమో పెన్ను మూత కూడా తియ్యలేదు.

"రెండు నెలల తర్వాత రమ్మంది. తగ్గితే సంతకం, తగ్గకపోతే మాత్రలు."

"మరి ఏం తినమంది?"

"అది అడక్కు. 'ఇంట్లో వండింది తినండి, కూరలు ఎక్కువ, తీపి తక్కువ' అంది. అంతే. దానికి ఫీజు కూడా పుచ్చుకుంది."

సలహా మరీ అంత సులువుగా ఉండటం ఆయనకి నచ్చలేదు. పైగా ఆ ఇంట్లో వండటం అంత సులువూ కాదు. ఆయన తెల్లవారగానే కంపెనీ బస్సెక్కుతాడు. మేడమ్‌కి క్లాసు మీద క్లాసు. అమ్మాయి కాలేజీకి పరుగెడుతూ ఒక చేత్తో జడ, ఒక చేత్తో బ్రెడ్డు. ఇంట్లో తీరికగా ఉండేది మేడమ్ వాళ్ళమ్మ ఒక్కతే. ఆ పెద్దావిడకి టీవీ ముందు స్టూలు మీదినుంచి లేవాలంటే మోకాళ్ళు ఒప్పుకోవు. కాబట్టి సాయంత్రం తిండి చాలావరకు మోటారు సైకిలు మీద వచ్చేది. డెలివరీ కుర్రాడికి ఆ గుమ్మం ఎంత అలవాటైపోయిందంటే, బెల్లు కొట్టడం మానేసి "పిన్నిగారూ" అని పిలుస్తున్నాడు.

"మనకి తిండి సమస్య లేదోయ్" అన్నాడు బార్‌కోడ్ గారు, ఇప్పుడు బూట్లు విప్పుతూ. "సప్లై సమస్య. టన్నుల కొద్దీ సరుకు చూసుకుంటున్నాను, నలుగురి తిండి చూసుకోలేనా? ఈ రెండు నెలలు వంటిల్లు నాకొదిలెయ్యి. పనీపాటా ఉన్నవాళ్ళు ఆరోగ్యంగా ఎలా తినచ్చో చూపిస్తాను. నువ్వు అటువైపు రానే వద్దు."

"పెళ్ళయ్యాక ఇంత మంచి మాట వినడం ఇదే మొదటిసారి" అంది మేడమ్.

వేళాకోళంగానే అంది గాని, ఆయన చేతిలో రిపోర్టు కాగితం సన్నగా వణుకుతుండటం ఆవిడ చూసింది. వణికే చేతుల సంగతి ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అలాంటప్పుడు స్టీరింగు లాక్కోకూడదు. తోలనివ్వాలి.

ఆదివారం నాడు ఇంటి ముందు ఆటో ఆగింది. ఆటోలో కూరలున్నాయా, కూరల్లో ఆటో ఉందా అని అమ్మాయి బాల్కనీలోంచి అడిగింది. క్యారెట్లు బస్తాతో, పాలకూర ట్రేలతో, బీన్స్, క్యాబేజీ, బీట్‌రూట్. వెనకాల ఇంకో ఆటోలో ఒకే సైజు స్టీలు డబ్బాలు.

"హోల్‌సేల్‌లో ఎంత చవకో తెలుసా?" అన్నాడు ఆయన చెమటలు కక్కుతూ.

"ఎవరికండీ పెళ్ళి?" అంది మేడమ్.

అయినా ఆ రోజు ఆయన పని చూసి ఆవిడ మనసులో మెచ్చుకోకుండా ఉండలేకపోయింది. పొద్దున్న కత్తి పట్టినవాడు సాయంత్రం దాకా దించలేదు. క్యారెట్ ముక్కలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు, బీన్స్ వరసగా కవాతుకి నిలబడ్డట్టు. వేలు రెండుచోట్ల తెగినా ప్లాస్టరు వేసుకుని, ఆ ప్లాస్టరు మీద కూడా తేదీ రాశాడేమోనన్నంత శ్రద్ధ. కొన్ని వండాడు, కొన్ని ఉడికించాడు, కొన్ని పచ్చివే ఉంచాడు. ఒక్కో డబ్బాకీ ఒక్కో స్టిక్కరు. పేరు, తేదీ, అర నంబరు.

ఆ తర్వాత వంటింటి నేల మీద పసుపు టేపుతో బాణాలు అంటించాడు.

"ఇదేమిటి నాన్నా?" అంది అమ్మాయి.

"వన్ వే. ఇటు వచ్చి డబ్బా తీసుకుని అటు వెళ్ళాలి. ఎదురెదురు పడితే టైము వేస్టు."

"మంచినీళ్ళకి వెళ్ళాలంటే?"

"స్టవ్వు చుట్టూ తిరిగి రావాలి."

పెద్దావిడ ఆ రోజునుంచి మంచినీళ్ళ సీసా స్టూలు పక్కనే పెట్టుకుంది.

ఫ్రిజ్‌కి ప్రత్యేకమైన చట్టం వచ్చింది. అది గోడౌన్లలో దేవుడి మాటలాంటిది. కొత్త సరుకు ఎడంవైపునుంచి లోపలికి, పాత సరుకు కుడివైపునుంచి బయటికి. కొత్తది ఎంత ఊరిస్తున్నా సరే, పాతది అయ్యేదాకా ముట్టుకోకూడదు.

"ముందొచ్చింది ముందు పోవాలి. అంతే. ఇది తప్పితే స్టోర్సే లేదు" అని భోజనాల బల్ల దగ్గర ప్రకటించాడు.

పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుంది. "నన్ను చూసి అంటున్నావా బాబూ?"

"అయ్యయ్యో, కూరల గురించి అత్తయ్యగారూ."

"ఏమో నాయనా. ఈ ఇంట్లోవాళ్ళందరికన్నా లోకంలోకి ముందొచ్చింది నేనే."

చట్టం సోమవారంనుంచి అమల్లోకి వచ్చింది. ఫ్రిజ్‌లో నిగనిగలాడే పాలకూర ఉంది. కాని దానికన్నా ముందు, పోయిన వారం మేడమ్ కొని మర్చిపోయిన అర క్యాబేజీ ఉంది. కాబట్టి సోమవారం క్యాబేజీ. మంగళవారం వడలిన బీన్స్. బుధవారం ఎప్పటివో వంకాయలు. పాత సామానంతా అయ్యి పాలకూర వంతు వచ్చేసరికి అది కూడా పాతదైపోయి, ఇంట్లోవాళ్ళతోపాటే తల వేలాడేసింది. గురువారం పాలకూర తింటుంటే లోపల క్యారెట్లు వయసు మళ్ళుతున్నాయి.

గోడౌన్‌లో ఉండేవి బోల్టులు, పైపులు, పంపులు. అవి ఎన్నాళ్ళున్నా అలిగి కూర్చోవు. కూరలకి ఆ ఓపిక లేదని ఆయనకి తట్టలేదు.

"ఇంట్లో తాజా కూరలున్నాయి. మనకి తినే హక్కు లేదు" అంది అమ్మాయి, చెంచాతో కూరని అటూ ఇటూ తోస్తూ. "అవి ముసలివయ్యేదాకా కాపలా కాసి, అప్పుడు తింటున్నాం."

"క్రమశిక్షణ మొదట్లో చేదుగానే ఉంటుంది" అన్నాడు బార్‌కోడ్ గారు, తనూ మింగలేక మింగుతూ.

"ఇది మొదట్లో చేదు కాదండీ, పోయిన వారం ఎక్కిన చేదు" అంది మేడమ్.

రెండో ఆదివారం మళ్ళీ ఆటో వచ్చింది. పాతవి అయిపోలేదు కదా అంటే, ఆర్డరు ఇచ్చే రోజు ఆర్డరు ఇవ్వాల్సిందే అన్నాడు. ఫ్రిజ్ తలుపు మూతపడలేదు. భుజంతో నెట్టాడు. వీపుతో నెట్టాడు. చివరికి గోడౌన్‌నుంచి పెట్టెలు కట్టే బెల్టు తెచ్చి ఫ్రిజ్ నడుముకి బిగించాడు. అది పాపం, ప్రయాణానికి సిద్ధమైన ట్రంకు పెట్టెలా నిలబడింది. ఇక ఎవరికైనా ఓ గుడ్డు కావాలన్నా బెల్టు విప్పాలి, డబ్బాలు దింపాలి, తిరిగి సర్దాలి, బెల్టు బిగించాలి. సులువుగా తినడమంటే ఇంత కష్టమని ఆ ఇంట్లో ఎవరికీ అంతకుముందు తెలియదు.

బుధవారం బీట్‌రూట్ డబ్బా ఒరిగింది. బెల్టు విప్పగానే అరలమీదినుంచి ఎర్రటి రసం ధార కట్టి నేలమీదికి కారింది. అమ్మాయి కెవ్వుమంది. పెద్దావిడ స్టూలు మీదినుంచే మెడ సాచి చూసి, "ఎవర్ని చంపి దాచావు బాబూ?" అని నిదానంగా అడిగింది.

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, ఎర్రటి చేతులతో బాణాల మీదినుంచి రసం తుడుస్తుంటే మేడమ్‌కి నవ్వు రాలేదు. ఆయన బెల్టు రంధ్రం చూసింది. ఫ్రిజ్‌ది కాదు, ఆయన ప్యాంటు బెల్టుది. పది రోజులుగా ఇలాంటి తిండి తింటున్న మనిషికి అది ఒక రంధ్రం లోపలికి జరగాలి. ఇది బయటికి జరిగింది.

ఆ రహస్యం మర్నాడు దానంతట అదే బయటపడింది.

వీధి మలుపులో బేకరీ నడిపే ఆయన మేడమ్ దగ్గరే కారు నేర్చుకుంటున్నాడు. చేతులు పిండి పిసకడానికి అలవాటు పడ్డవి కావడంతో స్టీరింగుని కూడా పిసుకుతాడు. రెండు కార్ల మధ్య బండి పెట్టడం నేర్పుతుంటే, ఆయన భయాన్ని మర్చిపోవడానికి ఏదో ఒకటి మాట్లాడతాడు.

"మీ ఆయన బంగారంలాంటి మనిషి మేడమ్."

"వెనక అద్దం చూడండి. ఎందుకని?"

"రోజూ సాయంత్రం బస్సు దిగి మా కొట్టుకే వస్తారు. క్రీము బన్ను నిలబడే తింటారు, కూర్చోరు. కూర్చుంటే ఆలస్యమవుతుందట, ఇంట్లో మీరంతా తన కోసం భోజనానికి ఎదురు చూస్తుంటారట."

మేడమ్ కాలు తన వైపు బ్రేకు మీదికి నెమ్మదిగా వెళ్ళింది. బండి వెనకనున్న కారుకి తగలకుండా ఆగింది.

"ఒకటేనా?"

"ఒకటి తిని, కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించి, ఇంకోటి తింటారు." అప్పుడు బేకరీ ఆయనకి ఏదో తట్టింది. "చెప్పకూడదేమో కదా మేడమ్."

"మీరేం చెప్పారు? నేనేం విన్నాను? స్టీరింగు తిప్పండి" అంది మేడమ్.

ఆ పూట క్లాసులన్నీ అయ్యేదాకా ఆవిడ ఆలోచించింది. ఇంటికెళ్ళి బన్నుల సంగతి అడిగితే ఆయన ఒప్పుకుంటాడు. అబద్ధమాడటం ఆయనకి చేతకాదు. కాని ఆ తర్వాత చిన్నబోయి, డబ్బాలూ కత్తీ అన్నీ వదిలేసి, మళ్ళీ మోటారు సైకిలు తిండికి వచ్చేస్తాడు. గుమ్మం దాకా వచ్చిన షుగరు కాళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చేస్తుంది. కుర్చీ ఇంకొకరికి పోతుంది. ఆయన్ని నడిపిస్తున్నదల్లా ఆ స్టిక్కర్ల మీద నమ్మకమే. దాన్ని కదపకూడదు. డబ్బాల్లో ఉన్నదాన్ని మాత్రం కదపాలి.

మర్నాడు ఆయన బస్సు మలుపు తిరగ్గానే మేడమ్ ఫ్రిజ్ బెల్టు విప్పింది.

ఆవిడ చేసిందేమీ గొప్ప వంట కాదు. ముందు సాయంత్రం నానేసిన శనగలో పెసలో, ఏవో గింజలు కుక్కరు అడుగున పోసింది. పైన గిన్నెలో ఏ కూర తాజాగా ఉంటే అది. పక్క పొయ్యి మీద గుడ్లు. కుక్కరు కూత పెట్టేలోగా ఆవిడ జడ వేసుకుంది. రెండో కూతకి అమ్మాయి కడిగిన డబ్బాలు తుడిచింది. దింపాక ఆవిరి పోయినవెంటనే, గుప్పెడు ఆకుకూర తుంచి ఆ వేడిలోనే పడేసింది. ఉప్పు, మిరియాలు, నిమ్మకాయ. అయిపోయింది. బఠాణీలు వలవడం పెద్దావిడకి అప్పగించారు. టీవీలో ఎంత ఏడుపు సీను వస్తే చేతులు అంత వేగంగా ఆడేవి.

ఆయన డబ్బాల్లోని పాత సామాను అప్పటికే చెట్ల కుండీలకి పోయింది, అదే డబ్బాల్లోకి కొత్త కూర వచ్చింది. స్టిక్కర్లు మాత్రం ముట్టుకోలేదు. పోయిన ఆదివారం తేదీ పోయిన ఆదివారం తేదీగానే ఉంది.

"ఇది మోసం కాదా అమ్మా?" అంది అమ్మాయి.

"డబ్బా ఆయనది, స్టిక్కరు ఆయనది, అర ఆయనది. మధ్యలో ఇంత కూర మనది. ఎక్కువ భాగం ఆయనదే."

అక్కడితో ఆగలేదు. బిస్కెట్ల డబ్బా అటక ఎక్కింది. అటక అందాలంటే స్టూలు కావాలి, స్టూలు మీద పెద్దావిడ ఉంటుంది. పళ్ళ బుట్ట టీవీ రిమోట్ పక్కకి వచ్చింది. రిమోట్ కోసం సాచిన చెయ్యి ఎప్పుడూ ఒట్టిగా వెనక్కి పోదని మేడమ్ చాలా ఏళ్ళుగా గమనిస్తోంది. బేకరీ ఆయనతో కూడా ఒక ఒప్పందం కుదిరింది. సాయంత్రం పూట బన్నులు అయిపోయాయని చెప్పాలి. అలా చెప్పిన ప్రతిసారీ మేడమ్ ఆయనకి అదనంగా కాసేపు రివర్సు నేర్పుతుంది.

ఆ సాయంత్రం బార్‌కోడ్ గారు బన్ను దొరకని దిగులుతో ఇల్లు చేరి, కుడివైపునుంచి డబ్బా తీసి, వేడి చేసుకుని, కళ్ళు మూసుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు తెరుచుకున్నాయి.

"ఏమోయ్, ఇది ఎప్పటిది?"

"చూడండి. మీరే రాశారుగా."

స్టిక్కరు చూశాడు. ఇంకో ముద్ద తిన్నాడు. మళ్ళీ స్టిక్కరు చూశాడు. ఆయన ముఖంలోకి వెలుగు మెల్లగా వచ్చింది. "చూశావా? ఇన్ని రోజులైనా చెక్కుచెదరలేదు. సిస్టమ్ కుదురుకోవడానికి కొంచెం టైము పడుతుందంతే."

అమ్మాయికి పొలమారింది. పెద్దావిడ దాని వీపు మీద తడుతూ, "అల్లుడి చెయ్యి పడితే కూరకి కూడా వయసు మీద పడదు" అంది ఏమీ ఎరగనట్టు.

వారాలు గడిచాయి. ఆయన ప్రతి ఆదివారం కత్తి పట్టి ముక్కలు కోశాడు. ఆ ముక్కలు వారంలో మేడమ్‌కి చాలా కలిసొచ్చాయని కూడా చెప్పాలి. తరిగి ఉన్న కూర ముందుంటే పొయ్యి వెలిగించడానికి ఎవరికీ బద్ధకం వెయ్యదు. కాబట్టి ఆయన పథకం పూర్తిగా పనికిరానిదని ఆవిడ ఏనాడూ అనుకోలేదు. ఆర్డరు తగ్గించమని మాత్రం మెల్లగా నచ్చజెప్పింది. ఫ్రిజ్ నడుముకి బెల్టు ఊడింది. ఆయన ప్యాంటు బెల్టు ఒక రంధ్రం లోపలికి జరిగింది, తర్వాత ఇంకొకటి.

రెండు నెలలకి డాక్టరమ్మ పెన్ను మూత తీసింది. "ఏం చేశారు?" అని కూడా అడిగింది. ఈయన సిస్టమ్ గురించి చెప్పడం మొదలుపెట్టేసరికి బయట కూర్చున్న పేషెంట్లు ఒకరిద్దరు లేచి వెళ్ళిపోయారు.

సంతకం అయితే వచ్చింది గాని, మేడమ్‌కి అసలు చిక్కు అక్కడే మొదలైంది.

"కొత్త గోడౌన్‌లో క్యాంటీన్ పెడుతున్నారు" అన్నాడు ఆయన ఒక సాయంత్రం, ఆనందం పట్టలేక గదిలో అటూ ఇటూ తిరుగుతూ. "అక్కడందరికీ పనే, వండుకునే తీరిక ఎవరికీ లేదు. మన సిస్టమ్ చెప్పాను. వారానికోసారి వండటం, డబ్బాలు, ముందొచ్చింది ముందు పోవడం. జీఎం గారికి తెగ నచ్చింది. రేపు అందర్నీ ఇళ్ళవాళ్ళతో సహా కొత్త గోడౌన్ చూడ్డానికి రమ్మన్నారు. పోయిన ఆదివారం డబ్బా ఒకటి తెచ్చి అందరి ముందూ తెరిచి చూపించమన్నారు."

మేడమ్ చేతిలోని గరిట ఆగింది. వందమంది పనివాళ్ళూ నిజంగానే పోయిన ఆదివారం కూర తింటే, వాళ్ళ కడుపులతో పాటు ఈయన కుర్చీ కూడా వారం తిరక్కుండా కదిలిపోతుంది.

"ఏమండీ, ఒక్క మాట."

"చెప్పు. నీకు కూడా థాంక్స్ చెప్పాలి. రెండు నెలలు ఒక్కసారి కూడా అడ్డు రాలేదు" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ నీళ్ళు చూశాక చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు. పోనీ, అందరి ముందు తేలిపోతే? అది ఇంకా కష్టం. కాని కారు గోడ మీదికి పోతోందని తెలిసాక, పక్కవాడి మనసు నొచ్చుకుంటుందని ఊరుకోవడం ఆవిడ వృత్తిలో లేదు.

మర్నాడు ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే ఆవిడ డబ్బా సిద్ధం చేసి, మందంగా ఉన్న ఒక సంచిలో పెట్టి ఇచ్చింది.

"ఇంత మందం సంచి ఎందుకోయ్?"

"చల్లదనం పోకుండా."

కారు ఆవిడే తోలింది. ఆయన పక్కన కూర్చుని సంచిని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకున్నాడు. కొంత దూరం పోయాక సర్దుకుని కూర్చున్నాడు.

"ఒళ్ళో వెచ్చగా ఉందేమిటి?"

"ఎండ" అంది మేడమ్.

కొత్త గోడౌన్ కొత్త పెయింటు వాసన కొడుతోంది. ఎత్తైన రేకుల కప్పు కింద వరసగా ఖాళీ రాక్‌లు. జనం గుండ్రంగా నిలబడ్డారు. జీఎం గారు పొట్టి మనిషి, దళసరి కళ్ళజోడు. దేన్నైనా ముక్కుకి దగ్గరగా పెట్టుకుని చూస్తే గాని నమ్మడు.

బార్‌కోడ్ గారు సిస్టమ్ వివరించాడు. బాణాలు, ఎడమ, కుడి. బాగానే మాట్లాడాడు. మేడమ్‌కి గర్వంగా కూడా అనిపించింది. తర్వాత సంచిని డబ్బా నడుం దాకా జార్చి, స్టిక్కరు అందరికీ కనిపించేలా తిప్పి, "పోయిన ఆదివారానిది సార్" అని మూత తీశాడు.

ఆవిరి గుప్పున లేచింది. తెల్లగా, నిమ్మకాయ వాసనతో, నేరుగా వెళ్ళి జీఎం గారి కళ్ళజోడుని కప్పేసింది.

జీఎం గారు కళ్ళజోడు తీశాడు. జేబురుమాలుతో తుడిచాడు. పెట్టుకున్నాడు. స్టిక్కరుని ముక్కు దాకా తెచ్చుకుని చదివాడు.

"తేదీ పోయిన ఆదివారానిది. ఆవిరి మాత్రం ఇవాళ్టిది" అన్నాడు.

బార్‌కోడ్ గారు డబ్బా వంక చూశాడు. తర్వాత భార్య వంక చూశాడు. ఆవిడ తల పైకెత్తి, రేకుల కప్పుకి ఎన్ని ఫ్యాన్లున్నాయో శ్రద్ధగా చూస్తోంది. రెండు నెలల డబ్బాలన్నీ ఆయన కళ్ళ ముందు వరసగా వచ్చి, ఒక్కొక్కటీ మూత తెరుచుకున్నట్టున్నాయి. చెవులు ఎర్రబడ్డాయి. ఫ్లాస్కులాంటి డబ్బా అనో, ఇంట్లో వేడి చేసి తెచ్చాననో అనేయచ్చు. పక్కనున్నవాళ్ళు ఆ మాట అందించడానికి సిద్ధంగానే ఉన్నారు.

"సార్" అన్నాడు ఆయన. "ఈ స్టాకు నాది కాదు. స్టిక్కరు ఒక్కటే నాది."

మేడమ్ ఫ్యాన్లమీదినుంచి చూపు దించింది. ఈ మనిషిని ఎందుకు చేసుకున్నావని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆవిడ దగ్గర ఇంతకాలం సరైన జవాబు లేదు. ఇప్పుడు దొరికింది.

జీఎం గారు చెంచా అడిగి పుచ్చుకున్నాడు. ఒక చెంచా తిన్నాడు. ఇంకోటి తిన్నాడు. డబ్బా సగమయ్యాక తల ఎత్తాడు.

"నా సరుకు ఎక్కడుందో, ఎప్పటిదో నిజం చెప్పేవాడు నాకు కావాలి. ఆ మనిషి దొరికాడు. సోమవారంనుంచి ఇక్కడే మీ కుర్చీ. క్యాంటీన్ సంగతి మాత్రం..." అని మేడమ్ వైపు తిరిగాడు. "తీరిక లేనివాళ్ళకి ఇలాంటి తిండి ఎలా అమ్మా?"

"ఆవేళ దొరికిందే వండాలండి, ఆవేళే తినాలి. ఒక గింజ, ఒక కూర, ఒక ఆకు. అంతకన్నా ఎక్కువ ఆలోచిస్తే తీరిక చాలదు" అంది మేడమ్. "కాకపోతే తరిగిపెట్టే మనిషి ఒకరు మంచివాళ్ళు దొరకాలి. మా ఇంట్లో దొరికారు."

తిరిగి వస్తుంటే ఆయన కారులో డబ్బా మీది స్టిక్కరుని గోటితో గీకుతూ కూర్చున్నాడు.

"ఎప్పటినుంచి?" అన్నాడు ఆయన చివరికి.

"బేకరీ ఆయన రివర్సు నేర్చుకుంటున్నప్పటినుంచి."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. బన్నుల సంగతి కూడా తెలిసిపోయిందన్నమాట. తర్వాత చిన్నగా, "ఆవిరి అయినా చల్లార్చి ఉండచ్చుగా" అన్నాడు.

"పెద్దమనిషి తింటాడన్నారు. చల్లారిన కూర పెడతామా?"

మర్నాడు ఆదివారం. ఆయన ఆటో పిలవలేదు. వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఆవిడ వండుతుంటే చూశాడు. కుక్కరు, గింజలు, పైన గిన్నె. కూత. జడ. ఇంకో కూత. తుంచిన ఆకు, పిండిన నిమ్మకాయ. ఆయన చేతి గడియారం వంక చూసుకున్నాడు, మళ్ళీ కుక్కరు వంక చూశాడు. చూస్తున్నకొద్దీ ముఖం విప్పారింది. ఎంత పెద్ద మెషీను అయినా ఇంత పొదుపుగా కదలడం ఆయన చూడలేదు.

"అంతేనా?" అన్నాడు.

"అంతే."

"అద్భుతమోయ్. నిజంగా. ఇంత సులువా? నేను రెండు నెలలు కొండలు తవ్వాను. ఇది ఎవరైనా చేసేయచ్చు."

"ఎవరైనానా?"

"కళ్ళు మూసుకుని."

"మీరు కూడా?"

"నాకొక లెక్కా?" అన్నాడు బార్‌కోడ్ గారు. ఆ మాట నోట్లోంచి పూర్తిగా బయటపడ్డాక గాని, పెద్దావిడ టీవీ ఎందుకు కట్టేసిందో, అమ్మాయి తలుపు చాటునుంచి ఎందుకు తొంగి చూస్తోందో ఆయనకి అర్థం కాలేదు.

మేడమ్ గరిట ఆయన చేతిలో పెట్టి, చెయ్యి తుడుచుకుని, హాల్లోకి వెళ్ళి సోఫాలో ఆయన చోట్లో కూర్చుని పేపరు విప్పింది.

"రేపటినుంచా?" అన్నాడు ఆయన గుమ్మంలోంచి, గరిటని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ. "అంటే... ఎన్నాళ్ళు?"

"సులువైన పనికి గడువెందుకండీ" అంది ఆవిడ పేజీ తిప్పుతూ.